దించని ఇంజిను

2022 మార్చి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన మా షెడ్డు. నా పేరు మస్తాను. ముప్ఫయ్యేళ్ల పైబడి మెకానిక్కుని. ఈ పనిలో రెండు రకాలు. ఒకటి బండి బాగుచేయడం, అది అందరికీ తెలిసిందే. రెండోది బండి చూసిపెట్టడం. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు నన్ను వెంటబెట్టుకుపోయి, ఒకసారి చూడు మస్తానూ, తీసుకోవచ్చా అంటారు. నేను మూత ఎత్తి, కిందికి దూరి, నాలుగు కిలోమీటర్లు తోలి ఒక మాట చెప్పాలి. అమ్మేవాడు ఎన్ని కబుర్లు చెప్పినా బేరం నా మాట దగ్గరే తెగుద్ది.

ఆ మాటల్లో మా వైపు అన్నిటికన్నా బరువైంది ఒకటుంది. "ఇంజిను దించలేదు." అంటే కంపెనీలో ఎక్కించిన ఇంజిను ఎక్కించినట్టే ఉంది, ఏ మెకానిక్కూ దాన్ని బండిలోంచి కిందికి దించలేదు అని. దించిన బండి అని తెలిస్తే చాలు, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. ఎందుకు దించారు, ఏం మార్చారు, ఇప్పుడు ఎట్టా ఉంది అని ఒక్కడూ అడగడు. ఆసుపత్రికి పోయొచ్చినవాడికి పిల్లనివ్వనట్టే. ఇది ఎంత తెలివితక్కువ లెక్కో మెకానిక్కులందరికీ తెలుసు. తెలిసీ అందరం ఆ లెక్కమీదే బతుకుతున్నాం.

నాకు పని నేర్పిన ఉస్తాదు ఒక పద్ధతి పెట్టాడు. అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు, అడగనిదాని జోలికి పోకూడదు. అమ్మేవాడూ మనవాడే, కొనేవాడూ మనవాడే, రేపు ఇద్దరూ మన షెడ్డుకే రావాలి అనేవాడు. నేనూ అట్టాగే నడుచుకున్నా. నిజాయితీగల మనిషినని పేరు కూడా తెచ్చుకున్నా.

ఆ మార్చిలో నా షెడ్డుకి వచ్చిన బండి కోటేశ్వరరావు గారిది. ఆయనది పిడుగురాళ్ల. సున్నపు బట్టీలు, తొమ్మిది లారీలు. ఆ లారీల పని మొత్తం నాదే. ఈ బండి మాత్రం లారీ కాదు. రెండే సీట్ల స్పోర్ట్స్ కారు. ఎక్కడో పరదేశంలో ఒక చిన్న కంపెనీ కొద్ది బండ్లే చేసి ఆపేసింది. ఇట్టాంటివాటిని లిమిటెడ్ ఎడిషన్ అంటారు. తక్కువ ఉన్నాయి కాబట్టి పాతబడేకొద్దీ రేటు పెరగాలి తప్ప తగ్గదని కొన్నవాళ్ల నమ్మకం. హైదరాబాదులో ఒకాయన దగ్గర కొని, బట్టీల దుమ్ములోకి తెచ్చాడు ఈయన. దాన్ని చూసి నాకూ నోరు తెరుచుకుపోయిన మాట నిజం. అంత కిందికి, నేలకి ఆనుకుని, పిల్లి పొంచి కూర్చున్నట్టు ఉండేది.

దాని ఇంజిను ముందు ఉండదు. సీట్ల వెనకాల ఉండిద్ది. మిడ్ ఇంజిన్ అంటారు. ఎండలో ఆపితే పెట్రోలు వాసన వస్తోందని కంప్లయింటు. లిఫ్టు మీద ఎక్కించి, టార్చి పట్టుకుని చూశా. ఫ్యూయల్ హోస్, అంటే ట్యాంకు నుంచి ఇంజినుకు పెట్రోలు తెచ్చే రబ్బరు గొట్టం, వేడికి బిరుసెక్కింది. గోరుతో గీస్తే పగుళ్లు. అది పోయేది సరిగ్గా సైలెన్సరు మొదలు మీదుగా. బండి తోలినంతసేపూ నిప్పులా కాలే చోటు అది. సగం గొట్టమే చేతికి అందింది. మిగతా సగం ఇంజిను వెనకాల ఉంది. ఇంజిను దించితే తప్ప మార్చలేం.

అదే ఆయనతో చెప్పా. రెండు రోజుల పని, దించి గొట్టాలన్నీ కొత్తవి వేద్దాం అన్నా. ఆయన నవ్వాడు.

"దించితే దీన్ని ఎవడు కొంటాడు మస్తానూ? ఊరుకో."

అమ్మే ఆలోచనలో ఉన్నాడని అప్పుడు తెలిసింది. బట్టీలు రెండు ఆగిపోయాయి, బొగ్గు రేటు మండిపోతోంది, ఇంట్లో ఆమెకి ఈ బండంటే మొదట్నుంచీ పడదు. ఇంజినుని బండికి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టుల మీద కంపెనీవాళ్లు పచ్చ పెయింటుతో ఒక గీత గీస్తారు. స్పానర్ వేసి బోల్టు తిప్పితే ఆ గీత తెగిపోద్ది. కొనేవాళ్లు టార్చి పెట్టి చూసేది ఆ గీతనే. గీత తెగితే బండి సగం చచ్చినట్టేనని ఆయన భయం. చేతికి అందినచోట కొత్త ముక్క వేసి క్లిప్పు బిగించమన్నాడు. బిగించా. వాసన పోయింది. లోపలి సగం అట్టాగే ఉంది.

ఈ బండి ఉన్నవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. స్పేర్ పార్టుల కోసం పనికొస్తుందని కోటేశ్వరరావు గారు నన్నూ అందులో చేర్పించాడు. పట్టుమని ముప్ఫై మంది లేరు. రోజూ ఫొటోలు, సూర్యోదయాలు, ఫలానా ఊళ్లో ఫలానా రేటుకి పోయిందట అని సంబరాలు. ఒకసారి ఎవరో కొత్తాయన, నా బండిలో పెట్రోలు వాసన వస్తోంది, మీకెవరికైనా వచ్చిందా అని పెట్టాడు. ఐదు నిమిషాల్లో పెద్దమనిషి ఒకాయన జవాబిచ్చాడు. ఇట్టాంటివి గ్రూపులో వద్దు సార్, విడిగా మాట్లాడుకుందాం, స్క్రీన్‌షాట్లు బయటికి పోతే అందరి రేటూ పడిపోద్ది అని. కొత్తాయన సారీ చెప్పి మెసేజి తీసేశాడు. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఆ బండ్లలో ఎన్నిటికి ఆ వాసన ఉందో ఒకరికొకరు చెప్పుకోలేదు. నేనూ చూసి ఊరుకున్నా. మెకానిక్కుని, నాకెందుకు అనుకున్నా.

ఏప్రిల్లో కొనేవాడు దొరికాడు. ఆయన ఎవరో తెలిశాక ఈ బేరం కుదరకపోతే బాగుండనిపించింది. వినుకొండలో పళ్ల డాక్టరు ప్రభుదాసు గారు. వాళ్ల నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. ఆ మాస్టారి స్కూటరు బతికినన్నాళ్లూ నేనే చూశా. డాక్టరు గారికి నేను చిన్నప్పట్నుంచీ మస్తాన్ బాబాయిని. మా అమ్మకి కట్టుడు పళ్లు పెట్టింది ఆయనే. అరగంటసేపు ఆమె నోట్లో చేతులు పెట్టి పనిచేసినా ఆమెకి నొప్పే తెలియలేదు. ఆ వేళ్లు అంత తేలిక. అద్దం చూసుకుని మా అమ్మ సిగ్గుపడితే ఆయన పక్కన నిలబడి నవ్వాడు.

ఇద్దరికీ మనవాడే కదా అని నన్నే చూసిపెట్టమన్నారు. పిడుగురాళ్లలో కోటేశ్వరరావు గారి గోడౌన్లో, మధ్యాహ్నం పూట. డాక్టరు గారు బండి చుట్టూ తిరుగుతున్నాడు, తాకడానికి భయపడుతున్నాడు. కాలేజీలో ఉన్నప్పుడు ఈ బండి బొమ్మ హాస్టలు గోడకి అంటించుకున్నాడంట. పదిహేనేళ్లు వంగి కూర్చుని జనం పళ్లు పీకితే ఇప్పటికి చేతికందిందన్నాడు. కోటేశ్వరరావు గారు నా వైపు చూడలేదు. ఫోన్ చూసుకుంటున్నాడు.

నేను కిందికి దూరి అంతా చూశా. నేను వేసిన కొత్త ముక్కా, దాని వెనకాల పగుళ్ల గొట్టమూ కనపడ్డాయి. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నా.

"ఇంజిను దించారా బాబాయ్?" అని అడిగాడు డాక్టరు గారు.

"దించలేదు," అన్నా. "వచ్చి చూడు బాబూ, గీతలు కూడా చెక్కుచెదరలేదు."

టార్చి వేసి పచ్చ గీతలు చూపించా. నాలుగు బోల్టులు, నాలుగు గీతలు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వాటికి ఫొటోలు తీసుకున్నాడు. బ్రేకులు, టైర్లు, ఏసీ, గేర్‌బాక్సు, అడిగినవన్నీ చెప్పా. అన్నిటికీ ఉన్నది ఉన్నట్టే చెప్పా. పెట్రోలు గొట్టం సంగతి ఆయన అడగలేదు. అడగాలని ఆయనకేం తెలుసు? పోతూపోతూ నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా కొంటున్నా అన్నాడు. అయినా సర్వీసుకి నా దగ్గరికే వస్తాడుగా, అప్పుడు మెల్లగా చెప్పి మార్పిద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. నా చేతకానితనానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు ఆ 'మెల్లగా'. ఆయన సర్వీసుకి రాలేదు. బండి ఎక్కువ తోలితే మీటరు పెరిగి రేటు తగ్గుద్దని గ్రూపులో ఎవరో చెప్పారంట. ఆదివారాలు మాత్రమే బయటికి తీసేవాడు.

మరుసటేడు మేలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, భార్యని ఎక్కించుకుని మాచర్ల వైపు బయల్దేరాడు. సగం దారి దాటాక వాసన వచ్చింది. ఆ తర్వాత వెనక మూత సందుల్లోంచి పొగ. బండి ఆపి ముందు ఆమెని దింపి దూరంగా పంపాడు. తర్వాత వెనక్కి పోయి మూత ఎత్తాడు. పొగ వస్తే మూత ఎత్తి చూడటం మా వైపు ప్రతివాడికీ అలవాటే. లోపల రాజుకుంటున్న మంటకి ఒక్కసారి గాలి తగిలింది. కుడిచేత్తో ఎత్తాడు. ఆ చెయ్యీ, ముంజేయీ, మెడ ఒక పక్కా కాలాయి.

ఇదంతా గుంటూరు ఆసుపత్రి వరండాలో ఆయన భార్య సునీతమ్మ నాకు చెప్పింది. నన్ను తిట్టలేదు. నేనొచ్చినందుకు మంచిదయిందంది. అన్నం తిన్నావా బాబాయ్ అని కూడా అడిగింది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రోజే గ్రూపులో కాలిన బండి ఫొటో వచ్చింది. బొగ్గయిన ఇనుము, చక్రాల రింగులు. మనిషికి ఎట్టా ఉందని ఇద్దరో ముగ్గురో అడిగారు. తర్వాత ఒకాయన పెట్టాడు, చానా బాధాకరం, కానీ ఉన్నవాటిలో ఒకటి తగ్గింది కాబట్టి మిగతావాటి విలువ ఇంకా పెరుగుద్ది అని. దానికింద కూడా దండాల బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది. పదేళ్ల పైబడ్డ ప్రతి బండికీ ఇంజిను దించి గొట్టాలు మార్చండి, మార్చకపోతే ఇదే గతి అని తెలుగులోనే రాసి పెట్టా. మూడు నిమిషాలు. నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఆ మెసేజి సంగతి తెలిసి, ఆ వారమే కోటేశ్వరరావు గారి లారీలు వేరే షెడ్డుకి పోయాయి. విజయవాడ నుంచి ఒకాయన మాత్రం చాటుగా ఫోన్ చేసి, గొట్టాలు మార్పిస్తానుగానీ గీతలు తెగకుండా చేయగలవా అని అడిగాడు. ఫోన్ పెట్టేశా.

ఆగస్టులో వినుకొండ పోయా. క్లినిక్కు తెరిచే ఉంది. లోపల వేరే కుర్ర డాక్టరు పనిచేస్తున్నాడు. ప్రభుదాసు గారు బయట గదిలో కూర్చుని, వచ్చినవాళ్లకి ఎడమచేత్తో చీటీలు రాస్తున్నాడు. చంటిపిల్లలు రాసినట్టు ఉన్నాయి అక్షరాలు. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి లోపలికి తిరిగున్నాయి. ఇంకో ఆపరేషను చేస్తే కొంత సాగొచ్చని, పరికరం పట్టుకునేంత మాత్రం రాదని చెప్పారంట. ఆయన పేరు చూసి వచ్చి, ఆయన చెయ్యి చూసి వెనక్కి పోయేవాళ్లు కూడా ఉన్నారు.

నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పా. కిందటేడు మార్చిలో నేను చూసిన పగుళ్లు, క్లిప్పు బిగించడం, కోటేశ్వరరావు గారు వద్దనడం, గోడౌన్లో కిందికి దూరినప్పుడు మళ్లీ చూడటం, అన్నీ. చివర్లో నేను, నువ్వు అడిగినదానికి నేను అబద్ధం చెప్పలేదు బాబూ అన్నా. ఎందుకన్నానో నాకే తెలియదు. ముప్ఫయ్యేళ్ల అలవాటు నోట్లోంచి వచ్చింది.

ఆయన పెన్ను కింద పెట్టాడు.

"నాకు తెలియక అడగలేదు బాబాయ్," అన్నాడు. "నీకు తెలుసుగా."

అంతే. తర్వాత చీటీ కోసం ఎవరో వస్తే వాళ్ల పేరు రాసుకుంటున్నాడు. నేను లేచొచ్చా.

ఇది జరిగాక బండి చూసిపెట్టే పద్ధతి మార్చుకున్నా. అడగకముందే, ఆ బండి నేనైతే ఎందుకు కొనను అన్నది ముందు చెబుతా. దించాల్సిన ఇంజిను దించి ఉంటే అది మంచి గుణమని చెబుతా. అమ్మేవాళ్లు నన్ను పిలవడం మానేశారు. కొనేవాళ్లలోనూ సగం మంది, వీడు బేరాలు చెడగొడతాడని వేరేవాణ్ని తీసుకుపోతున్నారు. దానికి నాకు బాధ లేదు. బాధ ఒక్కటే. శుక్రవారం మసీదులో చేతులెత్తినప్పుడు మాట రాదు. అబద్ధం ఆడినవాడు ఫలానా అబద్ధం ఆడానని దేవుడికి చెప్పుకుని, ఇక చేయనని తౌబా చేసుకోవచ్చు. నేను ఏ మాటకని క్షమాపణ అడగను? ఆ మధ్యాహ్నం నేను చెప్పిన ప్రతి మాటా నిజమే.