హేమావతి మేడం అడిగిన ప్రశ్న

బెంగళూరులో మేముండే అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఈ వారమంతా నేలకు కొత్త రాళ్లు పరుస్తున్నారు. కోత మిషను చక్రం మీద నీళ్లు పోస్తుంటే తడిసిన రాతిపొడి వాసన మెట్ల దాకా వస్తుంది. తొలకరి మట్టి వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ అది కాదు. ఇంకొంచెం చల్లగా, నాలుక మీద ఇనుము తగిలినట్టుగా ఉంటుంది. నిన్న ఆఫీసుకు బయల్దేరినదాన్ని ఆ వాసనకు అక్కడే నిలబడిపోయాను. నాకు దారి కావాలేమోననుకుని పనివాళ్లు మిషను ఆపేశారు. పరవాలేదు, కానివ్వమన్నాను. నాకు ఆ వాసన అంటే కుప్పం. కుప్పం అంటే హేమావతి మేడం.

మేడం అంటున్నాను గానీ ఆవిడ నాకు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. కుప్పం శివార్లలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగమంతా ఆవిడ చేతి కింద ఉండేది. సొంత ఊరు కురబలకోట పక్కన పల్లె. చాలా ఏళ్లు బెంగళూరులో సైబర్ సెక్యూరిటీ పని చేసి, ఆ ట్రాఫిక్‌లో సగం జీవితం సిగ్నళ్ల దగ్గరే అయిపోతోందని కుప్పం వచ్చేశారు. నేత చీర మీదికి బూట్లు వేసుకునేవారు. ఫ్యాక్టరీలో రాతి ముక్కలు గుచ్చుకుంటాయని మొదలుపెట్టిన అలవాటు పెళ్లిళ్లకూ పాకిందని చెప్పి తనే నవ్వేవారు. చేతిసంచిలో వేయించిన వేరుశనక్కాయలు ఎప్పుడూ ఉండేవి.

నేను మదనపల్లెలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు మా కాలేజీవాళ్లు ఆవిడను ఒక పూట మాట్లాడమని పిలిచారు. స్టేజీ మీద పెద్ద కుర్చీ వేసి పూలగుత్తి ఇచ్చారు. ఆవిడ పూలగుత్తిని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి తను కిందికి దిగి మా బెంచీల మధ్యకు వచ్చారు. సెక్యూరిటీలో ఉద్యోగం కావాలనుకునేవాళ్లు చెయ్యెత్తమంటే సగం హాలు చెయ్యెత్తింది. ముందు వరసలో ఉన్నందుకు నా దగ్గర ఆగారు. ఇంతవరకూ ఏం చేశావని అడిగితే, ఆన్‌లైన్‌లో పూర్తి చేసిన కోర్సుల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారు.

"మంచిదేమ్మా, సదవాల్సిందే. అయితే ఈ సర్టిఫికెట్లు నీ పక్కనుండే పాప దగ్గరా ఉండాయి, ఎనక బెంచీలో ఉండే పిల్లోడి దగ్గరా ఉండాయి. నువ్వు నీ చేత్తో చేసి సూసింది ఏముండాది?"

నేను మళ్లీ మొదటి కోర్సు పేరే అందుకున్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ ఇంకేదో చెబుతూ ముందుకు వెళ్లిపోయారు గానీ నాకు ఒక్క మాటా ఎక్కలేదు. కార్యక్రమం అయ్యాక గేటు దగ్గర ఆవిడ ఆటో కోసం నిలబడి ఉంటే వెంటపడి పోయాను. మా ఊరు పుంగనూరు. నాన్నకు చెప్పుల అంగడి. ఇంట్లో నాకు ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు లేరు. అదంతా ఆవిడకు చెప్పేద్దామని పోయాను గానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"చేసింది ఏముండాదని అడిగితిరి గదా మేడం. యాడ చేయాల? మమ్మల్ని ఎవురు చేయనిస్తారు?" అన్నాను. గొంతులో కోపం నాకే వినిపించింది.

ఆవిడకు ఆ కోపం నచ్చినట్టుంది. వేరుశనక్కాయల పొట్లం నా వైపు చాపారు. "ఈ మాట లోపలే అడిగింటే అందరూ వినేవాళ్లు. శనివారం కుప్పానికి రా. మీ నాయనకు చెప్పి రావాల, సరేనా?" అన్నారు.

అలా శనివారాలు మొదలయ్యాయి. పుంగనూరు నుంచి పలమనేరు పోయి, అక్కడ బస్సు మారి కుప్పం చేరేదాన్ని. మొదటి రోజు, సినిమాల్లోలాగా నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు పరుగెత్తుతాయనుకుంటూ పోయాను. మేడం మాత్రం నాకు కంప్యూటరే ఇవ్వలేదు. ఈ పూట ఎవరి పక్కన కుర్చీ దొరికితే వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు ఏం చేస్తారో చూసి రమ్మన్నారు. "ఏం కాపాడాలో తెలీకుండా ఎట్ల కాపాడతావు?" అన్నారు. సరుకు లారీ ఎక్కే దగ్గర నుంచి విదేశాల్లోని కొనుగోలుదారుకు కాగితాలు పోయేదాకా చూశాను. అకౌంట్స్‌లో సెల్వి అని ఒకామె ఉండేది. కృష్ణగిరి వైపు నుంచి వచ్చిన తమిళావిడ. ఆమె కంప్యూటర్ తెర అంచుకు పాస్‌వర్డు రాసిన చీటీ అంటించి ఉంది. దాన్ని చూసి నేను నవ్వుకుంటూ వచ్చి మేడంతో చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఆమె ముందర నవ్వినావా?"

"లేదు మేడం."

"మంచి పని చేసినావు. నువ్వు ఒకసారి నవ్వినావంటే, రేపు నిజంగా ఏదన్నా అయినప్పుడు ఆమె నీకు చెప్పదు. దాచిపెట్టుకుంటాది. మన పనిలో దానికంటే కష్టం ఇంకోటి లేదు."

ఆ సాయంత్రం ఇద్దరం సెల్వి దగ్గరికి పోయాం. మేడం చీటీ ఊసెత్తకుండా, ఇన్ని పాస్‌వర్డులు గుర్తు పెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుందని మాట కలిపి, వాటన్నిటినీ భద్రంగా దాచే సాఫ్ట్‌వేరు పెట్టించారు. మేం బయల్దేరేటప్పటికి సెల్వే తన చేత్తో చీటీ పీకేసింది.

కాలేజీలో ప్లేస్‌మెంట్లు ముగిశాయి. నాకు ఏదీ రాలేదు. మా మేనమామకు పుంగనూరులో జిరాక్స్, డీటీపీ సెంటరు ఉంది. వచ్చి అక్కడ కూర్చోమన్నాడు. నాన్న అడ్డం పడి, "ఒక ఏడాది సూస్తాం లేబ్బా, పాప ఏందో నేర్చుకుంటాండాది" అన్నాడు. ఆ 'ఏందో' ఏమిటో ఆయనకు తెలియదు. అయినా నా తరఫున మాట్లాడాడు. ఆ ఏడాది నా మెడ మీద ఎంత బరువుగా ఉండేదో నాకే తెలుసు.

సంగతి విన్న మేడం ఫ్యాక్టరీలో పక్కన పడేసిన రెండు పాత కంప్యూటర్లు, ఓనరుతో చెప్పి, నాకు ఇప్పించారు. బస్సులో ఒళ్లో ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి పెట్టుకుని తెచ్చాను. ఒకదాని నుంచి ఇంకోదాని మీద దాడి చేయడం, దాడి ఆనవాళ్లు రెండోదాంట్లో ఎక్కడ మిగిలాయో వెతకడం. అదే నా పని. మేడం పెట్టిన షరతులు రెండు. సొంత మిషన్లు తప్ప, అడిగి ఒప్పించుకోకుండా ఇంకెవరి దాని మీదా చెయ్యి వేయకూడదు. చేసిన ప్రతి ప్రయోగం గురించీ మా నాన్నకు అర్థమయ్యేట్టు రాసి, నలుగురూ చదివేలా ఇంటర్‌నెట్‌లో పెట్టాలి.

రెండో షరతుతోనే చచ్చిపోయాను. 'లాగ్' అంటే ఏమిటో నాన్నకు చెప్పడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. "అంగట్లోకి ఎవురొచ్చిరి, ఏ జత తీయించిరి, ఎప్పుడు పోయిరి అని మిషనే రాసి పెట్టుకుంటాది నాయనా" అన్నాను చివరికి.

నాన్న చేతిలోని చెప్పును తుడుస్తూ ఆలోచించాడు. "అట్లయితే కొనేవోళ్లను సూసి లాభం లేదు. ఊరికే అన్ని జతలూ తీయించి, గల్లాపెట్టె పక్క సూసేవోన్ని సూడాల."

నేను పుస్తకంలో మూడు పేజీలు చదివి తెలుసుకున్నది అదే. ఆ వాక్యం అలాగే రాసి పెట్టాను. నా రాతల్లో జనం ఎక్కువగా చదివింది దాన్నే.

మరుసటి వేసవి పోయాక, మేడం ఫ్యాక్టరీలో ఒక పరీక్ష పెట్టాలనుకున్నారు. ఓనరు చెంగప్ప గారి అనుమతి తీసుకుని, అందరికీ ఒక దొంగ మెయిలు పంపి ఎవరు మోసపోతారో చూడటం. ఆ మెయిలు రాసే పని నాకిచ్చారు. ఆయుధపూజకు కంపెనీ బట్టలు పెడుతుందనీ, పాస్‌వర్డు కొట్టి చొక్కా సైజు నమోదు చేసుకోమనీ రాశాను. పంపి మేడం పక్కన కూర్చుని తెర చూస్తున్నాం. అందరికంటే ముందు పడిన పేరు చెంగప్ప గారిది. పాస్‌వర్డు కొట్టడమే కాదు, పొట్ట దగ్గర కొంచెం వదులుగా ఉండాలని కూడా రాశారు. మేడం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇద్దరం కలిసి ఆయన గదికి పోయి చెప్పాం.

"ఒప్పుకున్న్యాను గానీ, ఈ పొద్దే అని సెప్పలేదు గదమ్మా" అన్నారాయన. కాసేపు గడ్డం గోక్కుని, "ఎంత మంది పడినారు?" అని అడిగారు. చాలామందేనని చెప్పాను. "అయితే నేను మొదట పడినానని నేనే సెప్తాను. మీరు ఇంకెవురి పేర్లూ బయటకు తీయొద్దండి" అన్నారు.

భోజనాల వేళ అందరి ముందూ లేచి నిలబడి చెప్పారు కూడా. ఫ్యాక్టరీ అంతా నవ్వింది. ఆ నవ్వులో ఎవరికీ సిగ్గు లేదు. ఆ ఏడు ఆయుధపూజకు నిజంగానే చొక్కాలు కుట్టించారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే సెల్వి మా గదికి వచ్చింది. విదేశీ కొనుగోలుదారు నుంచి వచ్చిన మెయిల్లోని లింకు నొక్కి, అడిగితే పాస్‌వర్డు కొట్టేసిందట. "నొక్కినాక డౌట్ వచ్చింది. తప్పు పండిట్టేన్ అక్కా, తప్పు చేసేసినా" అంది మేడంతో. మేడం ఆమెను కూర్చోబెట్టి, "ఎంటనే వచ్చి సెప్పినావు సూడు, సగం పని అయిపోయింది" అని, నా వైపు తిరిగి, "నువ్వు సూడమ్మా" అన్నారు. ముందు సెల్వి పాస్‌వర్డు మార్చాను. మెయిలు చిరునామా చూస్తే కొనుగోలుదారు పేరులో ఒక్క అక్షరం తేడాగా ఉంది. అదే మెయిలు ఇంకెవరికి వచ్చిందో వెతికి, వాళ్ల మెయిలు పెట్టెల్లోంచి తీసేశాను. ఆమె ఖాతాలోకి ఎవరైనా దూరారా అని లాగ్‌లు చూస్తే, ఎవరో ప్రయత్నించారు గానీ అప్పటికే పాస్‌వర్డు మారిపోయింది. మేడం నా వెనక నిలబడి ఉన్నారు. కీబోర్డు ఒక్కసారి కూడా తాకలేదు.

ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను, జవాబులు లేవు. ఒక శనివారం మేడం నా రెజ్యూమే తీసుకుని ఎర్ర పెన్నుతో కొట్టేయడం మొదలుపెట్టారు. "నేర్చుకున్నాను అనేదంతా తీసేయ్. చేసినాను అనగలిగింది ఉంచు" అన్నారు. మిగిలింది అర పేజీ. అంత చిన్నదాన్ని చూసి నాకు భయమేసింది. ఆవిడ దాని కింద, నేను నాన్న కోసం రాసినవన్నీ ఉన్న ఇంటర్‌నెట్ చిరునామా చేర్పించారు. ఆ అర పేజీకి బెంగళూరు నుంచి పిలుపు వచ్చింది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. రెండో ప్రశ్నకే నాకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పి, తెలుసుకోవాలంటే మొదట ఎక్కడ చూస్తానో, అక్కడ దొరకకపోతే ఎవరిని అడుగుతానో చెప్పాను. వాళ్లలో పెద్దావిడ నా రాతలు చదివి వచ్చింది. పేర్లూ ఊళ్లూ లేకుండా నేను రాసిన సెల్వి విషయం మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. ఆ కంగారు, ఆ ఒక్క అక్షరం, ముందు ఏం చేశానో, ఎందుకు ముందు అదే చేశానో. నేను చేసిందే కాబట్టి తడుముకోలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక గుర్తొచ్చింది, వాళ్లు నా సర్టిఫికెట్ల గురించి అడగనే లేదని. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే మేడం, "శనివారం నా కుర్చీ ఒకటి ఖాళీ చేసేసినావు పో" అన్నారు.

ఇప్పుడు మా టీములోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నన్నూ కూర్చోబెడుతున్నారు. ఆ మధ్య కురబలకోట నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు గాయత్రి. చక్కగా చదివిన పిల్ల. నీ చేత్తో చేసింది ఏముందని అడిగితే సర్టిఫికెట్ల ఫైలు ముందుకు జరిపింది. ఆమెను తీసుకోలేకపోయాం. మేడం వేసిన ప్రశ్న అందరికీ గుర్తుంటుంది. కానీ నన్ను నిలబెట్టింది ఆ ప్రశ్న ఒక్కటే కాదు. అడిగిన మనిషే జవాబు వెతుక్కోవడానికి ఒక చోటు కూడా చూపించింది. అడిగి వదిలేయడం ఎవరైనా చేస్తారు. సాయంత్రం ఆ పిల్లకు ఫోన్ చేసి, శనివారాలు నాతో వీడియోలో కూర్చుంటావా అని అడిగాను. మేడంతో చెబితే, తన దగ్గర ఇంకో పాత కంప్యూటరు ఉందని బస్సులో పంపించారు.

పోయిన శనివారం గాయత్రి మొహం తెర మీద వెలిగిపోతోంది. "అక్కా, నా మిషన్ తాళాన్ని నేనే పగలగొట్టేసినా. లోపలికి యాడ దూరినానో నాకే తెలీడం లేదు" అంది.

"అయితే పని మొదలైంది" అన్నాను. "పా, వెతుకుదాం."