ఇంటిపేరుకు కొమ్ము

నాయకుల ఇంటిపేర్ల మీద నాకున్న చిరాకు ఇప్పటిది కాదు, ఆంధ్రా, తెలంగాణా కలిసిన ఏడాది నుంచీ ఉంది. అంతకు ముందు మా వైపు పెద్దమనుషులకు ఇంటిపేర్లతో పనే ఉండేది కాదు. పటేలు, దొర, సాబ్ అంటే సరిపోయేది. కలిసిన తర్వాత మంత్రులు, ఉపమంత్రులు, ఎవరెవరో అధ్యక్షులు జీపుల్లో దిగడం మొదలుపెట్టారు. ఒకాయన తన ఇంటిపేరులో ఉన్నది లకారం కాదు, ళకారం అనేవాడు. ఇంకొకాయన ఒత్తు సరిగ్గా పలికేదాకా కుర్చీలో కూర్చునేవాడు కాదు. నిజామాబాదులో ఒక ఉర్దూ నాయకుడు తన పేరులోని ఖకారం గొంతు లోపలి నుంచి రావాలని నాతో ఏడుసార్లు అనిపించి, ఎనిమిదోసారి తనే పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ పీడ నాకే ఎందుకు చుట్టుకుందంటే, నా గొంతు పెద్దది. పైగా నాకు రెండు రాతలూ వచ్చు. చిన్నప్పుడు నిజామాబాదులో ఉర్దూ బడిలో చదువుకున్నాను. పోలీసు చర్య తర్వాత తెలుగులో మళ్ళీ మొదటి నుంచి చదివి టీచరునయ్యాను. బోధన్ నుంచి వర్నికి పోయే రోడ్డు మీద ఒక ఊళ్ళో నా ఉద్యోగం. ఏడో తరగతి దాకా బడి. ఏ సభ జరిగినా "పంతులమ్మను పిలువుండ్రి" అని కబురొచ్చేది. మైకు ముందు నిలబడి వచ్చినవాళ్ళ పేర్లు చదవడం నా పని. తప్పు పలికితే తిట్లు నాకు, సరిగ్గా పలికితే చప్పట్లు వాళ్ళకు.

అరవైల మొదట్లో ఒక చెరుకు సీజనులో మా బడికే మంత్రి వస్తున్నాడని తెలిసింది. ఆ ఏడు ఆయన రాక మాకు నిజంగా కావాలి. బడికి ఎనిమిదో తరగతి అడుగుదామని మా ఆశ. ఏడు పాసైన మగపిల్లలు సైకిళ్ళ మీద బోధన్ పోయేవాళ్ళు. ఆడపిల్లలు ఇంట్లో కూర్చునేవాళ్ళు, కాదంటే చెరుకు చేలో కలుపుకు పోయేవాళ్ళు.

ఆ సంవత్సరం ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎంత చురుకంటే, నేను బోర్డు మీద తప్పు రాస్తే లేచి నిలబడి చెప్పేది. నాకు కోపం వచ్చేది, ఇంటికి పోయాక ముచ్చటేసేది. వాళ్ళ బాపు కౌలుకు చెరుకు వేసేవాడు. సీజనంతా చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలోనే ఆయన కాపురం. ఆయనను నేను రోడ్డు మీదే ఆపి పిల్ల చదువు గురించి అడిగాను.

"ఎనిమిది మన ఊర్లె పడితె సదివిస్త పంతులమ్మా. బోధన్ దాక ఆడపిల్లను తోలియ్య. గంతే," అన్నాడు.

గంతే అంటే అంతే. ఆ మాట తర్వాత ఎడ్లను అదిలించి వెళ్ళిపోయాడు. అందుకని ఎనిమిదో తరగతి కోసం అర్జీ నేనే కూర్చుని రాశాను. దండతో పాటు అర్జీని కూడా ఆ పిల్ల చేతుల మీదుగానే ఇప్పించాలని మా బడి పెద్ద సారును ఒప్పించాను.

సభ రోజు పొద్దున్నే గోల మొదలైంది. రావలసిన మంత్రి రావడం లేదట. ఆయన బదులు మొన్న మొన్ననే ప్రమాణం చేసిన ఇంకొకాయన వస్తున్నాడట. ఆయన పేరు మాలో ఎవరికీ తెలియదు. తహసీలు ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా ఫోనులో విని చీటీ రాసి పట్టుకొచ్చాడు. తెలుగులో రాయమని సర్కారు ఎన్ని కాగితాలు పంపినా ఆయన చెయ్యి ఉర్దూ తప్ప రాయదు. చీటీలో మంత్రిగారి సొంత పేరు బాగానే ఉంది. దాని ముందు ఇంటిపేరు ఉంది చూడండి, పే, లామ్, యే. మూడే అక్షరాలు.

ఉర్దూ రాతలో మన గుడి, కొమ్ము లాంటివి సాధారణంగా వెయ్యరు. ఒత్తు కూడా వెయ్యరు. తెలిసినవాళ్ళు ఊహించి చదువుకోవాలి. ఆ మూడక్షరాల్లో పల్లె ఉంది, పల్లి ఉంది, పిల్లి ఉంది, పులి కూడా ఉంది. నా తలప్రాణం తోకకొచ్చింది.

"తాతా, ఇదెట్ల చదవాలె?" అని గుమాస్తాను అడిగాను.

"ఎట్లనన్న సదువు పంతులమ్మా. ఆయన పేరు ఆయనకు తెల్వదా?" అన్నాడు, బీడీ ముట్టించుకుంటూ.

ఫోనులో ఏం విన్నావయ్యా అంటే, లైను గరగరమన్నది అన్నాడు. ఇంతలో జీపు వచ్చేసింది. గేటు దగ్గర చెరుకు గడలతో కమాను కట్టాం. పిల్లలు పొద్దుటి నుంచి కింద కింద విరుచుకు తిని దాన్ని నడుం దాకా ఖాళీ చేశారు. మంత్రి ఆ కుంటి కమాను కింద నుంచి వంగి లోపలికి వస్తుంటే, ఆ పిల్ల దండ పట్టుకుని నా పక్కన నిలబడి చీటీ తొంగి చూసింది. దానికి ఉర్దూ రాదు, నా మొహం మాత్రం చదవడం వచ్చు.

"పేరు తెలుస్తలేదా పంతులమ్మా? గాయన్నే అడిగితె అయిపాయె గద?" అంది.

పెద్ద సారు అది విని ఉలిక్కిపడ్డాడు. "మంత్రిని పట్టుకొని నీ పేరేందని అడుగుతరా? నోరు మూసుకో," అన్నాడు. నేను కూడా "ష్" అన్నాను. మా వైపు పెద్దవాళ్ళను పేరడగడం తప్పు. పేరు తెలియదంటే నువ్వెవరో నాకు తెలియదన్నట్టే. ఆ పిల్ల మాట వింటే సరిపోయేది. అది చెప్పింది కాబట్టే మేమిద్దరం వినలేదు.

మా చుట్టూ ఊళ్ళన్నీ పల్లితో ముగిసేవే కదా అని ధైర్యం తెచ్చుకుని, మంత్రి కుర్చీలో కూర్చోగానే మైకులో ఎలుగెత్తి "శ్రీ పల్లి..." అన్నాను. ముందు వరుసలో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపు రైతులు కూర్చున్నారు. ఆయన పేరు వాళ్ళకు తెలుసేమో, ఒక్కసారిగా గొల్లుమన్నారు. మంత్రి మొహం ఎర్రబడింది. నేను తడబడి చీటీ చూసి, ఒళ్ళు తెలియకుండా "క్షమించాలి, శ్రీ పిల్లి..." అన్నాను. ఇక చెప్పేదేముంది! వెనక నుంచి ఎవరో ముసలాయన అందరికీ వినపడేట్టు, "పల్లి గాదంట, పిల్లంట!" అని పక్కవాళ్ళకు అప్పజెప్పాడు.

మంత్రి లేచి నా చేతిలో నుంచి మైకు లాక్కున్నాడు.

"పులి!" అన్నాడు. "పకారానికి కొమ్ము. లకారానికి గుడి. పులి!"

తప్పు నాది, తిట్టినా పడేదాన్ని. తిడితే ఒక నిమిషంలో అయిపోయేది. ఆయన తిట్టలేదు. ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు. ముత్తాత, ఆయన ముత్తాత, అడవి, బల్లెం, పులి. ఆ పులి ఎన్ని మూరలో కూడా చెప్పాడు. నడుమ నడుమ మా ఊరి పేరు ఎత్తాల్సి వచ్చి, మూడుసార్లు ఎత్తి మూడు రకాలుగా పలికాడు. ఊరంతా అక్కడే ఉంది, ఒక్కరూ ఉలకలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, అది ఆ రోజు మా కళ్ళ ముందే జరిగింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆ పిల్ల ఒక చేతిలో దండ, ఒక చేతిలో అర్జీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

చివరికి వెంట వచ్చిన అధికారి గడియారం చూపిస్తే మంత్రి ఆగాడు. దండ వేయించుకున్నాడు. పిల్ల అర్జీ చాపింది. ఆయన కాగితం తీసుకున్నాడు. తీసుకుని, తిరగేసి, జేబులో నుంచి కలం తీసి, వెనకవైపు ఖాళీలో బారెడు బారెడు అక్షరాలతో తన ఇంటిపేరు రాశాడు. కొమ్మును రెండుసార్లు దిద్దాడు. తిరిగి పెద్ద సారు చేతిలో పెట్టాడు.

"దీన్ని బడిలో తగిలించండి. పిల్లలు నేర్చుకుంటారు," అన్నాడు.

"సార్, అది అర్జీ," అన్నాను నేను. నా మాట జీపు చప్పుడులో కలిసిపోయింది. అడుగుదాం, ఆపుదాం అని పెద్ద సారు చెయ్యి పట్టుకుంటే, "ఇప్పుడడిగితె బాగుండదమ్మా, ఇప్పటికే కోపం మీదున్నడు," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడడిగితే బాగుంటుందో ఆయన ఈనాటికీ చెప్పలేదు.

ఆ కాగితాన్ని నిజంగానే గోడకు కొట్టించాడు మహానుభావుడు. ఇంటిపేరు మా వైపు, అర్జీ గోడ వైపు. ఆ తర్వాత మంత్రి మళ్ళీ మా రోడ్డు మీదికి రాలేదు. ఊళ్ళో ఆయనను ఇప్పటికీ పల్లి మంత్రి అనే అంటారు. ఎనిమిదో తరగతి వచ్చింది లెండి, నాలుగేళ్ళ తర్వాత, ఇంకెవరో వచ్చి ఇచ్చారు. ఆయన ఇంటిపేరు నాకు గుర్తు కూడా లేదు.

మంత్రి వచ్చిపోయిన ఆ ఏడే, ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచిన వారం. బడి పాత రిజిస్టరంతా ఉర్దూలో ఉంటే, దాన్ని తెలుగులోకి ఎక్కించే పని నా మీద పడింది. ఆ పిల్ల దగ్గర బడి పుస్తకమొకటి ఉండిపోయిందట, తిరిగివ్వడానికి వచ్చింది. చేతుల నిండా పచ్చిగడ్డి కోతలు. బడి మానినవాళ్ళ వరుసలో అప్పుడే దాని పేరు దగ్గరికి వచ్చాను. ఏడేళ్ళు పాఠం చెప్పాను గానీ, ఇంటిపేరుతో ఒక్కనాడు పిలిచింది లేదు. రిజిస్టరులో చూస్తే మళ్ళీ అదే గొడవ. మొదటి అక్షరానికి కొమ్మా, ఓత్వమా తెలియడం లేదు.

ఈసారి తెలివి తెచ్చుకుని, "మీ ఇంటిపేరు ఎట్ల పలుకుతరే?" అని అడిగాను.

అది పుస్తకం బల్ల మీద పెట్టి, గోడ మీద వేలాడుతున్న కాగితం వైపు ఒకసారి చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు.

"ఎట్లనన్న రాయుండ్రి పంతులమ్మా. నన్ను ఇంటిపేరుతోని ఎవ్వలు పిలుస్తరు?" అంది.

మంత్రి మీద, పెద్ద సారు మీద, ఆ గుమాస్తా మీద ఇన్ని నెలలుగా దాచుకున్న కోపమంతా ఆ ఒక్క మాటకు నా మీదికి తిరిగింది. మైకులో తప్పు చదివింది నేను. ఆ రోజు దాన్ని "ష్" అన్నదీ నేనే. "కూసో," అన్నాను గట్టిగా. "సక్కగ చెప్పు. మల్ల చెప్పు." రెండుసార్లు పలికించి, విని, కొమ్ము పెట్టి రాశాను. రాసింది దానికి చూపించాను. తలూపి, కలుపుకు పొద్దుపోతుందని వెళ్ళిపోయింది.

ఆ రిజిస్టరులో నేను ఊహించి రాసిన ఇంటిపేర్లు ఎన్నో ఉన్నాయి. అడిగి రాసింది అదొక్కటే. అందులో తప్పు లేదు. దాన్ని పైకి చదవాల్సిన పని ఆ తర్వాత ఎవరికీ పడలేదు.