సిరా బొమ్మలో అంచు దాటుతున్న మనిషి

ఎనభైల మధ్యలో ఒక ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద, పాత పుస్తకాల మధ్య నాకొక సిరా బొమ్మ దొరికింది. సంతకం లేదు. వెనక ‘అమీర్‌పేట’ అని మాత్రం ఉంది. సైకిల్ షాపు, గాజులు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు, గడ్డం గీయించుకుంటూ చేతి అద్దంలోంచి వాళ్లను చూస్తున్న పెద్దమనిషి. కుడి అంచున, మెడలో దండలాంటిదేదో వేసుకుని పరుగెత్తుతున్న మనిషి. ఒక కాలు అప్పటికే కాగితం దాటిపోయింది. ముఖం మాత్రం వెనక్కి, మన వైపు తిరిగి ఉంది. ఆ వీధి చూడాలనిపించింది.

మర్నాడు పొద్దున సిటీ బస్సులో పంజాగుట్టలో దిగి, ముందు ఫ్రేముల దుకాణానికి వెళ్లాను. యజమాని ఖాజా భాయ్ తయారుగా ఉన్న ఫ్రేమొకటి బొమ్మ మీద పెట్టి చూశాడు. కొత్తగా చేయిస్తే రెట్టింపు ఖర్చు.

“గీ అంచు జర కోస్తే సరిపోతది సార్.”

“అక్కడ మనిషి ఉన్నాడు కదా?”

“గాడా? దొంగ లెక్క ఉరుకుతుండు. పోనీయుండ్రి, మీకేం ఫికర్?”

సరేనన్నాను. వీధి చూసి వచ్చాక కోయమని, బొమ్మను వార్తాపత్రికలో చుట్టుకుని అమీర్‌పేట వైపు నడిచాను. తాపీగా నడిస్తే అరగంట దారి. మధ్యలో ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు రెండు రూపాయల లోపే అయ్యాయి.

అమీర్‌పేటలో అడగ్గా అడగ్గా ఒక సందులో సైకిల్ షాపు చూపించారు. పంక్చర్ వేస్తున్న యాదగిరికి బొమ్మ విప్పి చూపించాను. జిడ్డు చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూశాడు. తలతోనే కుడి అంచున ఉన్న మనిషిని చూపించాడు.

“మా నాయన సార్. మెడల ట్యూబులు జూడుండ్రి, గట్లనే ఏసుకునేటోడు.”

“మరి పరుగెందుకు?”

“ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతదని భయం. కాయితం, కలం పట్టుకుని ఎవరన్న కూసున్నా ఉరుకుడే. నా పెండ్లి ఫోటోల సుత లేడు. పోయినంక ఇంట్ల పెట్టుకుందామంటే ఒక్క ఫోటో దొరకలే.”

ఆ అంచు కోయబోతున్న సంగతి చెప్పాను. “నడువుండ్రి సార్, గా ఫ్రేమాయనకు జెప్పొద్దాం,” అన్నాడు యాదగిరి. బేరాలు ముమ్మరంగా ఉన్న వేళ షాపు మూసి, నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పంజాగుట్ట దాకా తొక్కాడు.

“భాయ్, గీన మా నాయన. కోయకు!”

ఖాజా భాయ్ నాలుక కరుచుకున్నాడు. “మాఫ్ జెయ్ అన్నా, గాయనను దొంగ అనుకున్న.”

“అనొచ్చు భాయ్. ఎవ్వలకూ దొరకలేదు గద!” అని యాదగిరి పగలబడి నవ్వాడు.

ఖాజా భాయ్ కత్తెర పక్కన పడేసి, టేపుతో కాగితాన్ని అంచు నుంచి అంచుదాకా కొలిచాడు. కొత్త ఫ్రేము ఖర్చు నేనిచ్చాను. బొమ్మను యాదగిరి తీసుకెళ్లాడు.

వీధి బొమ్మ చూసేటప్పుడు కళ్లు నడుమకే పోతాయి. నావీ అంతే. మళ్లీ అమీర్‌పేట వెళ్లినప్పుడు చూశాను: యాదగిరి షాపు గోడ మీది బొమ్మలో గాజుల బేరం ఇంకా తెగలేదు, పెద్దమనిషి గడ్డం పూర్తి కాలేదు, యాదగిరి నాన్న ఉరుకుతూనే ఉన్నాడు. కింద కొడుకు, మెడలో ట్యూబులు వేసుకుని, గాలి కొడుతున్నాడు.

పాత బొమ్మకు ఫ్రేము కట్టించేవారికి ఒక్క మాట: కాగితానికి తగ్గ ఫ్రేము చేయించండి, ఫ్రేముకు తగ్గట్టు కాగితం కోయనివ్వకండి.