దండుకు పోయిన మామిడి జామ్

యుద్ధానికి పోయిన మా ఆయన దగ్గరనుంచి జాబు రాక నెలలు దాటాయి. నేను తిరుపతిలో పుట్టింట్లో ఉండేదాన్ని. పొద్దస్తమానం గుమ్మం పట్టుకుని నిలబడే నన్ను చూడలేక నాయన ఒకనాడు అన్నాడు.

"చిత్తూరులో సర్కారోళ్లు ఆడోళ్లకు మామిడిపండ్లతో జామ్ వండి డబ్బాలకెత్తే పని నేర్పిస్తాండారంట. ఆ డబ్బాలన్నీ దండుకే పోతాయంట. ఈడ కూసోని ఏడ్సేదానికంటే పోయి నేర్సుకో."

దండుకు అన్న మాట చాలింది. మరునాడే చిత్తూరులో చిన్నమ్మ ఇంటికి రైలెక్కాను.

ఇళ్లలో చక్కెర దొరక్క బెల్లం కాఫీ తాగే రోజులవి. మాకు పని నేర్పే షెడ్డులో మాత్రం చక్కెర మూటలు! తాండ్ర, ఊరగాయ మాకు పుట్టుకతో వచ్చిన విద్యలు. జామ్ అట్లా కాదు, ఒట్టి మొండిది. ఏమారితే మాడుతుంది, తొందరపడితే జారుతుంది. నీళ్లలో చుక్క వేసి చూసి, అది కరగకుండా అడుగున నిలిస్తేనే దించాలి.

పాకం నాకు పట్టుబడింది. రుచి చూడమంటేనే మొండికేశాను. మొగుడికి పోయేదాన్ని ఆయనకంటే ముందు నేను తినడమా? నవ్వితే నవ్వండి, నా డబ్బా నేరుగా ఆయన చేతికే పోతుందని నా నమ్మకం. నేర్పే పంతులమ్మ మద్రాసు మనిషి, కోపిష్టి. "పులుపు చూడని దానివి రేపటి నుంచి రావద్దు" అంది. పక్క పొయ్యి దగ్గర ఒక సాయిబుల పెద్దామె ఉండేది. ఆమె కొడుకూ దండులోనే ఉన్నాడు. "నువ్వు వండమ్మీ, రుచి నేను సూసి సెప్తాలే" అని నన్ను గట్టెక్కించింది. పంతులమ్మ తల కొట్టుకుని ఒప్పుకుంది.

ప్రతి మూతా బిగిస్తూ, ఇది ఆయనకే అనుకునేదాన్ని. ఆ డబ్బాలతో గూడ్సు బండి కదిలితే నా ప్రాణం దాని వెంటే పోయేది. ఆయన్ను చూడాలని ఎంత తహతహలాడానో చెప్పలేను.

యుద్ధం ముగిశాక చలికాలంలో ఆయన చిక్కి సగమై వచ్చాడు. కాళ్లకు నీళ్లిస్తూనే, అక్కడ మామిడి జామ్ తిన్నారా అని అడిగాను.

"అవి తెల్లదొరలు తినేటివి. మాకు రొట్టి, పప్పే. ఆ డబ్బాలు మోసినాను గానీ, మూత తీసి సూసింది ల్యా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంగారుపడ్డాడు. సంగతి విని, "దానికేం, ఇప్పుడు సెయ్యి, తింటా" అన్నాడు.

అప్పటికి ఏ తోటలోనూ కాయ లేదు. దొరలకు అంత జామ్ వండిన చేత్తో ఆ పూట మా ఆయనకు రాగి సంగటి వడ్డించాను.