ఉడుకునీళ్ల తొట్టి

నేను కొత్తకోట దగ్గరి పుట్టింటి నుంచి భువనగిరి పక్క పల్లెకు కాపురానికి వచ్చిన ఏడాది, మా మామ మగ్గం గుంతలోంచి తనంతట తాను లేవలేకపోయేవాడు. పొద్దుగూకే వేళకు లోపలి నుంచి కేక వేసేవాడు. మా ఆయన వెళ్లి చంకల కింద చేతులు వేసి పైకి లాగితే, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, మోకాళ్లు పటపటమన్నాక మెల్లగా అడుగు తీసేవాడు. చిన్నప్పటి నుంచి గుంతలో కాళ్లు పెట్టి, పొద్దంతా తొక్కుడు కర్రలు తొక్కిన మనిషి. ఆ గుంతలో వానాకాలం తేమ, చలికాలం చలి. మా వీధిలో నేత నేసే మగవాళ్లలో సగం మంది నడక అలాగే ఉండేది.

నిజాం పాలన పోయి కొన్నేళ్లే అయింది. పట్నం దవాఖానలో చూపించుకుని వచ్చిన మామ సంచిలో మందులు లేవు. "రోజూ ఉడుకునీళ్లల్ల నడుం దాక మునిగి కూసోమన్నడు డాక్టరు. గంతే" అన్నాడు, తనను మోసం చేసినట్టు ముఖం పెట్టి. మర్నాటి నుంచి రెండు బకెట్లలో రెండు కాళ్లు పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. మోకాళ్ల దాకా నీళ్లు అందలేదు. పైగా ఒక బకెట్ చల్లారితే ఇంకోటి కాలేది. మా అత్త ఆ వైభవం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

దారి నేనే చూపించాను. పెరట్లో కోళ్లు గుడ్లు పెట్టే పాత రాతి తొట్టి ఒకటి ఉంది. మామ వాళ్ల తాత కాలంలో ఎర్ర రంగు అద్దకానికి ముందు నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టిన తొట్టి అది. అంగట్లో అమ్మే రసాయనాల పెట్టె రంగులు వచ్చాక దాని పని పోయింది. మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత పొడవు. అడుగున నీళ్లు పోవడానికి బెజ్జం.

"మామా, గా తొట్టిల కూసుంటే నడుం దాక కాదు, రొమ్ము దాక వస్తయి నీళ్లు" అన్నాను.

కొత్త కోడలు మామకు ఎదురుగా నోరు విప్పడమే ఎక్కువ. అత్త నావైపు చూసింది. మామ మాత్రం తొట్టి వైపు చూశాడు.

కోళ్లను వెళ్లగొట్టి, తొట్టిని కడిగి, రంగు ఉడికించే పెద్ద రాగి డేగిసలో నీళ్లు కాచి నింపితే, పైన నూనె తెట్టె కట్టింది. రాయి తాగిన ఏళ్లనాటి నూనె వేడి తగలగానే బయటికి వచ్చింది. మా నాయిన కూడా అద్దకం పనివాడే కాబట్టి నాకది కొత్త కాదు. బూడిద నీళ్లు మరగబెట్టి పోసి, కొబ్బరి పీచుతో తోమి, వదిలి, మళ్లీ పోశాను. కుంకుడు రసంతో కడిగాను. నీళ్ల మీద తెట్టె కనబడనంత వరకు ఆ పని విడవలేదు. మా ఆయన బెజ్జానికి కొయ్య బిరడా చెక్కి గుడ్డ చుట్టి బిగించాడు. తాటాకు తడకలతో చుట్టూ మరుగు కట్టాడు.

మామ మొదటిసారి దిగినప్పుడు మేమంతా తడక బయటే నిలబడ్డాం. చాలాసేపు చప్పుడు లేదు. అత్త ఉండబట్టలేక, "ఏమయ్యా, ఉన్నవా?" అని అడిగింది.

"ఉన్న. ఇగ నన్ను లేపకుండ్రి" అని జవాబు వచ్చింది. ఆ గొంతులో అంత తీపి నేనెప్పుడూ వినలేదు.

వారం తిరక్కుండానే వీధంతా తెలిసిపోయింది. ముందు ఎదురింటి పెద్దాయన వచ్చాడు. ఆయన మామకు ఈడువాడు, వరసకు బావ. కట్టెల మోపు తలమీద పెట్టుకుని వచ్చి, "బావా, నా కట్టెలు, నీ తొట్టి" అన్నాడు. ఆయన వెనుక ఇంకొందరు. సాయంత్రం మగ్గాలు ఆగాక మగవాళ్లు, మధ్యాహ్నం ఆడవాళ్లు అని అత్త వంతులు పెట్టింది. ఒకళ్లు నీళ్లలో, మిగతావాళ్లు తడక బయట. బయటివాళ్లు లేవమంటారు, లోపలివాళ్లు లేవరు. అంత సందడి మా పెరడు ఎన్నడూ చూసి ఉండదు.

చిక్కు అక్కడే మొదలైంది. తొట్టెడు నీళ్లు కాచాలంటే బోలెడు కట్టెలు. రోజూ నీళ్లు వదిలేయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. నిన్నటి నీళ్లలోనే కొత్తగా కాచిన నీళ్లు కలిపి దిగేవాళ్లు. ఉడుకునీళ్లలో మురికి ఉండదని అందరి నమ్మకం. కొన్నాళ్లకు నీళ్లు కుడితి రంగుకు తిరిగాయి. లోపల చెయ్యి పెడితే రాయి జారుతోంది. ముక్కు దగ్గర పెడితే తడి గుడ్డ మూటకట్టి మరిచిపోయినట్టు వాసన. ఆ తర్వాత ఎదురింటి పెద్దాయన వీపంతా ఎర్రటి పొక్కులు లేచాయి. ఇంకో ఇద్దరికి తొడల మీద దురద. పాత తొట్టికి ఏదో దోషం ఉందని వీధిలో గుసగుసలు బయలుదేరాయి.

అత్తకు ఆ మాట చెవిన పడింది. "దోషం లేదు, పాడు లేదు. గీ మాటలు పడేకంటె రేపే వడ్డెరోళ్లను పిలిచి పలగ్గొట్టిస్త" అని ఒంటికాలి మీద లేచింది. మామ కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటికే ఆయన గుంతలోంచి ఎవరి చెయ్యీ పట్టకుండా లేస్తున్నాడు మరి.

నీళ్లు వదిలేసి నేను తొట్టిలోకి దిగి చూశాను. నీటి అంచు నిలిచే చోట చుట్టూ జిగట పట్టీలా కట్టింది. గోటితో గీకితే చర్మం మీది నూనె, మట్టి కలిసిన బంక వచ్చింది. దాన్ని తోమేసి కొత్త నీళ్లు పోయించాను. మళ్లీ జనం దిగారు, మళ్లీ అదే పట్టీ కట్టింది. తోమితే పోతోంది గానీ నిలవడం లేదు. ఏం చేయాలో తోచలేదు.

ఆ రోజుల్లోనే బావిలో మందు వేయడానికి ఆరోగ్యశాఖ మనిషి వచ్చాడు. సైకిల్ వెనుక డబ్బా, పైజామా కాళ్లకు క్లిప్పులు. నవ్వు ముఖం. ఏటా కలరా భయం ఉండే నెలల్లో వచ్చి, బ్లీచింగ్ పొడిని బకెట్లో కలిపి బావిలో వేసిపోయేవాడు. నేను బిందె పక్కన పెట్టి అడిగేశాను.

"సారూ, బాయిల నీళ్లకు మందేస్తున్నరు గదా, మా తొట్టిల నీళ్లకు ఎయ్యొచ్చా?"

తొట్టి ఏమిటో చెబితే ఆయనకు నమ్మకం కలగలేదు. ఇంటికి వచ్చి చూశాడు. చూసి పకపకా నవ్వాడు. "గోల్కొండ నవాబులకు కూడ గిట్ల ఉండెనో లేదో" అన్నాడు. తర్వాత అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"చూడమ్మా, మరిగే నీళ్లల్ల పురుగు చస్తది. గానీ మీరు కూసునేవి గోరువెచ్చటివి. గవి పురుగుకు ఇంకా ఇష్టం. మంది మీద చెమట, నూనె నీళ్లల్ల కలిస్తే మందంత దానికే ఖర్చయితది, పురుగు మీదికి పోదు. అందుకని ముందుగాల ఒళ్లు కడుక్కోవాలె, అటెంక దిగాలె."

"మందు ఎట్ల ఎయ్యాలె సారూ?"

"జరంత పొడి చెంబెడు నీళ్లల్ల కలిపి పక్కన పెట్టు. సున్నమంత అడుక్కు పోతది. పైన తేట మాత్రమే పొయ్యి, మంచిగ కలియబెట్టు. జర సేపు ఎవ్వలనూ దిగనియ్యకు. నీళ్లు రాగడి మట్టి లెక్క అయినయంటే మందు ఎయ్యకు, తీసి పారబొయ్యి. ఇంకో మాట, రాగి గిన్నెలు తోమే చింతపండు పులుసు దీనికి తగలనియ్యకు. ఘాటు లేసి ఊపిరాడదు."

దురద ఉన్నవాళ్లు తగ్గేదాకా తొట్టి వైపు రావద్దని కూడా చెప్పి, కాగితంలో కొంచెం పొడి కట్టి ఇచ్చి వెళ్లాడు.

తొట్టి పలగ్గొట్టిస్తానన్న మా అత్త మర్నాటి నుంచి దానికి కాపలాదారు అయింది. తడక ముందు పీట వేసుకుని కూర్చునేది. పక్కన నీళ్ల గాబు, చెంబు, కుంకుడు రసం ముంత. ఎవరైనా సరే ఆమె కళ్ల ముందు కాళ్లూ చేతులూ తోముకుని, ఆ పక్క మరుగులో ఒంటి మీద నీళ్లు పోసుకుని రావాలి.

పొక్కులు మానాక ఎదురింటి పెద్దాయన ఎప్పటిలాగే ఒంటి నిండా నువ్వుల నూనె పట్టించుకుని మెరుస్తూ వచ్చాడు.

"గదేంది అన్నా, గట్లనే దిగుతవా?" అంది అత్త.

"ఉడుకునీళ్లకు నూనె మంచిది గద చెల్లె!"

"నీకు మంచిదే. నీళ్లకు కాదు. పో, కడుక్కొని రా."

"నా పెండ్లి నాడు కూడ గింత గనం తానం చెయ్యలే" అని గొణుక్కుంటూనే ఆయన మూడు చెంబులు గుమ్మరించుకున్నాడు. లోపల మామ నవ్వుతూ నీళ్లు చరుస్తున్న చప్పుడు బయటికి వినిపించింది.

ఇక అత్తకు మందు మీద గురి కుదిరింది. ఇంత వేస్తేనే ఇంత మంచి అయితే ఇంకాస్త వేస్తే ఇంకా మంచిదని ఆమె లెక్క. ఒకనాడు నేను బావి దగ్గర ఉండగా తేట చెంబుతో పాటు అడుగున ఉన్నదంతా వంచేసింది. మామ ఎర్ర అంచు పంచె కట్టుకుని దిగాడు. కళ్లు మండుతున్నాయని వెంటనే పైకి వచ్చాడు. చూస్తే పంచె అంచు ఎరుపు పోయి అక్కడక్కడ బొబ్బలు పోసినట్టు తెల్లగా అయింది. తను స్వయంగా నేసుకున్న పంచె. మామ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎండకు చూసి, "గీ డిజైన్ మన ఊర్ల ఎవ్వలకు రాదు. ఏ మగ్గం మీద నేసినవే?" అని అత్తను అడిగాడు. అత్త ముందు బిక్కచచ్చిపోయింది, తర్వాత అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

ఆ పంచె చూశాకే నాకు ఒక ఆలోచన వచ్చింది. లేత నీలం అద్దిన సన్న నూలు పోగులు కొన్ని తెంపి పెట్టుకున్నాను. మందు కలిపాక చెంబుతో నీళ్లు తీసి అందులో పోగు వేసేదాన్ని. చూస్తుండగానే తెల్లబడితే మందు ఎక్కువ, ఎవరూ దిగకూడదు. ఎంతసేపైనా రంగు కదలకపోతే మందు అయిపోయినట్టు. మెల్లగా వెలిస్తే సరి. మళ్లీ వచ్చినప్పుడు ఆరోగ్యశాఖ ఆయనకు చూపిస్తే, "వాసన కూడ చూస్తుండు, ఒక్క పోగునే నమ్ముకోకు" అని, నవ్వి, తనకూ నాలుగు పోగులు కావాలని అడిగి జేబులో పెట్టుకున్నాడు. పొడి కూడా భువనగిరి అంగట్లో దొరుకుతుందని ఆయనే చెప్పాడు. తడి తగలని డబ్బాలో పెట్టి, మూత బిగించి, అటక మీద దాచేవాళ్లం.

దురదలు పోయాయి. దోషం మాట కూడా పోయింది. చలికాలం వెళ్లేసరికి మామ కర్ర లేకుండా భువనగిరి అంగడికి నడిచివెళ్లి, వచ్చేటప్పుడు అందరికీ జామపండ్లు తెచ్చాడు. అలసిపోయావా అని అడిగితే, "అలసిన. అందుకే తొట్టి నింపుండ్రి" అన్నాడు.

మరుసటి ఏడు నేను కాన్పుకు కొత్తకోట వెళ్లాను. పోయేముందు పని అంతా మా ఆయనకు అప్పగించాను. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ తొట్టి పాచి పట్టి, కోళ్ల పాలై ఉంటుందనే అనుకున్నాను. ఆయన మగ్గం మీద ఎంత నేర్పరో పెరటి పనిలో అంత బద్ధకస్తుడు.

బిడ్డను ఎత్తుకుని తిరిగి వచ్చిన రోజు కాళ్లు కడుక్కుని ముందు పెరట్లోకే వెళ్లాను. తొట్టి ఖాళీగా, ఆరిపోయి ఉంది. అంచు కింద వేలితో రుద్దితే కిర్రుమంది. జిగట లేదు. వెనక నిలబడిన ఆయన అరచేతులు చూపించాడు. మందు అడుగున మిగిలిన సున్నంతో తోమి తోమి చర్మం పగిలి గరుగ్గా ఉన్నాయి.

"ఆదివారం ఆదివారం ఒక్కడినే తోమిన. పాటలు కూడ పాడిన, అడుగు అవ్వను" అన్నాడు తల్లిని చూపిస్తూ.

"ఆ పాటలకు మంది సగం తగ్గిండ్రు" అంది అత్త బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంటూ.

డేగిసలో నీళ్లు అప్పటికే కాగుతున్నాయి. ఆయన బిరడా బిగించి, వేడినీళ్లూ చన్నీళ్లూ పోసి, మోచేయి పెట్టి చూసి, నావైపు తిరిగాడు. "కొత్త నీళ్లు. ఇంకా ఎవ్వలు దిగలే. నువ్వే దిగు" అని తడక దగ్గరికి వేసి బయటికి వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లూ తొట్టిని తోమడం, నీళ్లు చూడడం, వంతులు చెప్పడమే గానీ నేను అందులో తీరిగ్గా కూర్చుంది లేదు. ముందు ఒళ్లు కడుక్కుని, చీరతోనే దిగి, మెడ దాకా మునిగి కాళ్లు చాపాను. బస్సు ప్రయాణం, కాన్పు నొప్పులు, నెలల తరబడి సరిగ్గా పట్టని నిద్ర, అన్నీ ఒక్కొక్కటిగా ఒంట్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది. లోపల బిడ్డ ఏడుపు అందుకుంది. "మీ అమ్మ తానం చేస్తాంది, జర ఆగు బిడ్డా" అని అత్త సముదాయిస్తోంది. వినిపిస్తూనే ఉంది. నేను లేవలేదు.