శ్రీ పక్కన జాగా

నిన్న పొద్దున వికారాబాద్‌లో మా ఇంట్లో, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మా అమ్మాయి తల పట్టుకుంటే, ఏమిటా అని వెనక నిలబడి చూశాను. నల్ల తెర మీద అదే పాత జవాబు, అలాంటి ఫైలు ఏదీ లేదని. ఫైలేమో పక్క కిటికీలో కళ్లెదుటే ఉంది. ఇన్నేళ్లయినా ఈ పీడ వదల్లేదా అని నాకు ఒళ్లు మండిపోయింది.

మన ఈడువాళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవారికి ఈ మంట తెలిసే ఉంటుంది. చదువు కాగానే నేను తాండూరులో మా మేనమామ బండల పాలిషింగ్ యూనిట్‌లో ఆఫీసు పని చూసేదాన్ని. రోజూ రైల్లో వెళ్లి, రాతిపొడి పట్టిన కుర్చీ దులుపుకుని కూర్చుంటే, ఆ పొడి కీబోర్డులోకీ, టీ గ్లాసులోకీ, చివరికి నా జడలోకీ దూరేది. దాని పుణ్యమో ఏమో, ఒకనాడు కంప్యూటర్ డిస్కు టకటకా కొట్టుకోసాగింది. మామ భార్య, కాలం చేసిన మా అత్తమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అవి పోతే మామకు ఆమె మొహం చూసుకునే దారే లేదు.

మామూలుగా కాపీ చేయబోతే, చెడిన ఫైలు ఒకటి తగలగానే మొత్తం ఆగిపోయేది. అందుకని, చెడినదాన్ని వదిలేసి ముందుకు సాగే యూనిక్స్ తరహా కమాండ్లను, కాలేజీలో నేర్చినవాటిని, ఆ విండోస్‌లోకే ఎక్కించి, ఫోల్డర్ దారి రాసి ఇచ్చాను. లేదంది. విండోస్ దారిలో పేర్ల మధ్య గీతలు వెనక్కి వాలుతాయి, ఈ మహాతల్లికి ముందుకు వాలాలి. వెనక్కి వాలినవాటిని మింగేసి పేర్లన్నీ అతికించేసింది. గీతలు తిప్పి రాస్తే, సి డ్రైవు పక్కనున్న రెండు చుక్కలు చూసి అదేదో వేరే ఊరి కంప్యూటరనుకుంది. అదీ సరిచేస్తే మళ్లీ లేదంది.

చివరి చిక్కు మామ పెట్టిందే. అంగడి బోర్డు మీదైనా, లారీ నుదుటి మీదైనా శ్రీ రాసి, కాస్త జాగా వదిలి, ఆ తర్వాతే పేరు రాయించే వంశం ఆయనది. ఫోల్డర్లకూ అదే ఆచారం, ఫోటోలున్నదానికి శ్రీ, ఖాళీ, ఆపైన అత్తమ్మ పేరు. ఖాళీ కనబడగానే పేరు అక్కడితో అయిపోయిందనుకుని, ఆ కమాండు శ్రీని ఒకచోట, అత్తమ్మను ఇంకోచోట వెతికి, ఇద్దరూ లేరంటుంది. డిస్కు కొట్టుకుంటోంది, ఆ ఒక్క ఖాళీ తీసేద్దాం మామా అని బతిమాలితే ఆయన ససేమిరా అన్నాడు.

“గట్లెట్ల తీస్తవ్ బిడ్డా? శ్రీ అంటే లక్ష్మమ్మ. ఆమె పక్కకు జర జాగ ఉండాలె. మీ అత్తను తెచ్చి ఆమె మీదికెక్కిస్తమా?”

నెత్తి కొట్టుకుని, అంతా ఒకటే పేరని దానికి తెలిసేలా, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు తగిలించాను. అప్పుడు కదిలాయి ఫోటోలు, ఒక్కొక్కటిగా. మామ కండువా కొసతో తెర మీది రాతిపొడి తుడిచి, అత్తమ్మను చూస్తూ కూర్చున్నాడు.

నిన్న మా అమ్మాయి కొత్త డిస్కులోకి మారుస్తున్నవీ ఆ ఫోటోలే. నేను నోరు తెరిచేలోపే తను గీతలు తిప్పి, ఖాళీ తీసేసి, శ్రీనీ పేరునూ కలిపేసింది. పని చిటికెలో అయిపోయింది. వద్దనడానికి ఇప్పుడు మామ లేడు. గీతల గొడవ మాత్రం చెక్కుచెదరలేదు, పోవలసింది పోదు, ఉండవలసినవాళ్లు ఉండరు. తను లేచి వంటింట్లోకి వెళ్లగానే నేను కూర్చుని, ఆ యంత్రాన్ని తనివితీరా తిట్టుకుంటూ, శ్రీ పక్కన మళ్లీ జాగా వదిలాను.