గాలిసంచి చూసి ఆడిన సీజన్

సౌదీలో ఏం చేశావని ఎవరైనా అడిగితే స్కాఫోల్డింగ్ కట్టానని చెప్పను, ఫుట్‌బాల్ ఆడానని చెబుతాను. అడిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పదేళ్ళు ఇనుప గొట్టాలు బిగించిన సంగతి నా నడుముకి గుర్తుంది, అది చాలు. నాకు మాత్రం ఒక్క సీజనే గుర్తు.

ఆట నాకు బొగ్గుబావుల ఊళ్ళో అబ్బింది. నాన్న బావిలో దిగేవాడు. షిఫ్టు దిగినవాళ్ళు మా క్వార్టర్ల వెనక మైదానంలో ఆడుతుంటే పద్నాలుగేళ్ళకే వాళ్ళ మధ్యలో దూరాను. దూరింది మధ్యలో కాబట్టి మధ్యలోనే ఉండిపోయాను. ముందు ఆడేవాడు గోలు కొట్టి పేరు తెచ్చుకుంటాడు, వెనక ఆడేవాడు గోలు ఆపి తెచ్చుకుంటాడు. మధ్యవాడు ఏం చేశాడో శ్రద్ధగా చూసినవాడికే తెలుస్తుంది. పైగా నాది కాస్త నోటి దురుసు. మధ్యలో నిలబడితే అటు పదిమందినీ ఇటు పదిమందినీ తిట్టొచ్చు.

ఆ ఊళ్ళో సైరన్‌తోనే పొద్దు గడిచేది. షిఫ్టు మారే వేళకు మోగితే ఎవరూ తలెత్తరు. వేళ కాని వేళ మోగిందంటే బావిలో ఏదో జరిగినట్టే. ఆడవాళ్ళు పొయ్యి మీద అన్నం వదిలేసి బావి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ రెండుసార్లు పరుగెత్తాను. రెండుసార్లూ నాన్న తన కాళ్ళ మీదే నడిచి బయటికొచ్చాడు. కానీ ఆ పరుగు నా ఒంట్లోంచి పోలేదు.

సౌదీలో మా క్యాంపు ఖతీఫ్ నుంచి రాస్ తనూరా వెళ్ళే దారిలో ఉండేది. పక్కనే గ్యాస్ ప్లాంటు. అక్కడ మొదటి రోజు నేర్పేది పని కాదు, గాలి. ఎత్తైన స్తంభాల మీద నారింజ, తెలుపు పట్టీల గుడ్డ సంచులు కట్టి ఉండేవి. ఇంజనీర్లు విండ్‌సాక్ అంటారు, మేం గాలిసంచి అనేవాళ్ళం. గ్యాస్ సైరన్ మోగితే ముందు దాని వంక చూడాలి. గాలి ఎటు పోతోందో అటు పరుగెత్తకూడదు, గ్యాస్ కూడా అటే వస్తుంది. గాలికి అడ్డంగా పక్కకి పోయి, అక్కడ వరసలో నిలబడి, ఫోర్‌మన్ తలలు లెక్కపెట్టేదాకా కదలకూడదు. నెలరోజుల్లో ఇది ఎంత అలవాటైందంటే, పొద్దున బస్సు దిగగానే అందరి తలలూ ఒకేసారి పైకి లేచేవి.

శుక్రవారాలు క్యాంపుల మధ్య పోటీలు జరిగేవి. మా గోల్‌పోస్టులు స్క్రాప్ గొట్టాలతో వెల్డింగ్ చేసినవి. వెల్డర్ల ఫోర్‌మనే మా కెప్టెన్, మలయాళీ, తక్కువ మాటల మనిషి. క్యాంపులో అందరం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం కాబట్టి ఆయన తక్కువ మాటలూ హిందీలోనే ఉండేవి. గోల్ కీపర్ నా రూమ్మేటు, జగిత్యాల దిక్కు నుంచి వచ్చినాయన, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయనే ఒప్పించి నన్ను జట్టులోకి తీసుకెళ్ళాడు. రెండేళ్ళు బాగానే ఆడాను. బాగానే అంటున్నాను గానీ, ఆ రోజుల్లో నేను మామూలుగా విర్రవీగలేదు.

ఇంతలో కువైట్ మీద దాడి జరిగింది. మా రోడ్డు మీద మిలిటరీ లారీలు బారులు తీరాయి. సగంమంది పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇళ్ళకు పోతున్నారు, ఉన్నవాళ్ళు రేడియోకి చెవులు అంటించుకుని కూర్చుంటున్నారు. కెప్టెన్ మాత్రం పోటీ ఆగదన్నాడు. సెమీఫైనల్ వారంలో, శుక్రవారం నాలుగింటికి సైరన్ టెస్టు చేస్తారని పొద్దుటి మీటింగులో చెప్పారట. కాగితం మీద అందరితో పాటు నేనూ సంతకం పెట్టాను. చెవిన మాత్రం వేసుకోలేదు. పక్కవాడితో మ్యాచ్ గురించి కోతలు కోస్తున్నాను.

ఆ శుక్రవారం బంతి నా కాళ్ళ దగ్గర ఉండగా సైరన్ మోగింది.

నా తల పైకి లేచింది, గాలిసంచి చూసింది. బంతిని అక్కడే వదిలేసి గాలికి అడ్డంగా తూర్పుకు, బస్సులు నిలిపే జాగాకి ఒక్క ఉరుకు ఉరికాను. వెనక జనం కేకలు వినబడ్డాయి. వాళ్ళూ పరుగెత్తుతున్నారనుకున్నాను. అక్కడికి చేరి, నేర్పినట్టే వరసలో నిలబడ్డాను. వరస అంటే నేనొక్కణ్ణే. మైదానం నిండా జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేను వదిలిన బంతిని అవతలివాళ్ళు తీసుకెళ్ళి మా గోల్లో వేసేశారు. ఒక్క గోలు, మ్యాచ్ పోయింది.

కెప్టెన్ తాపీగా నడుచుకుంటూ వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, ఫోర్‌మన్ తలలు లెక్కపెట్టేటప్పుడు ఎత్తినట్టే వేలెత్తి నన్ను చూపించి, "ఏక్" అన్నాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "పూరా టీమ్ ఆ గయా", జట్టంతా వచ్చేసిందని చెప్పి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. తల కొట్టేసినట్టయింది.

ఆ మర్నాటి నుంచి నా పేరు సైరన్. మెస్సులో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే వెనకనుంచి ఎవడో ఒకడు నోటితో కూత పెట్టేవాడు. ఒకసారి ఒకడి చొక్కా పట్టుకున్నాను, గుండీలు ఊడి పప్పులో పడ్డాయి. దాంతో కూతలు ఇంకా ఎక్కువయ్యాయి. ఇక ఉండలేక, నేనూ ఎగ్జిట్ కొట్టించుకుంటానని రూమ్మేటుతో చెప్పాను. ఆయన చాయ్ తాగుతూ నింపాదిగా విన్నాడు.

"పోతే పో తమ్మి. కని గిప్పుడు పోతే, ఆటల నుంచి ఉరికిండు, లడాయిల నుంచి సుత ఉరికిండంటరు. ఈడ పోగొట్టుకున్న పేరు ఈడనే తెచ్చుకోవాలె."

ఒళ్ళు మండిపోయింది, ఆయన చెప్పింది నిజం కాబట్టి. ఉండిపోయాను.

యుద్ధం వచ్చింది. క్షిపణుల్లో విషవాయువు ఉంటుందేమోనని కిటికీలకు టేపులు అంటించాం, తడి తువ్వాళ్ళు తలుపు కింద కుక్కాం. అప్పుడు మోగినవి టెస్టు సైరన్లు కావు. అప్పుడు మాత్రం ఎవరూ నన్ను చూసి నవ్వలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నేలమీద కూర్చునేవాళ్ళం. నెలన్నర అలా గడిచింది. తర్వాత కువైట్‌లో తగలబెట్టిన చమురు బావుల పొగ మా మీదికి దిగింది. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి, మైదానం మీద నుసి, బంతిని తంతే కాలి మీద మచ్చ. ఆ నుసిలో నేనొక్కణ్ణే బంతి తన్నుకుంటూ ఉండేవాణ్ణి. జట్టులో చోటు లేదని కెప్టెన్ అనలేదు గానీ, ఉందని కూడా అనలేదు.

ఆ ఎడారిలో ఒంటరిగా ఆడితే తెలిసిందేమిటంటే, అక్కడ బంతి మన మాట వినదు, గాలి మాట వింటుంది. ఉత్తరం నుంచి షమాల్ గాలి కొడితే పైకి లేపిన ప్రతి బంతీ మెస్సు గోడ దాటిపోతుంది. అందరూ గాలిని తిట్టుకుంటూ ఆడేవాళ్ళు. నాకేమో తల దానంతటదే గాలిసంచి వైపు లేచే రోగం ఉంది కదా. నన్ను నవ్వులపాలు చేసిన ఆ చూపునే పనిలో పెట్టాను. సంచి నిండా గాలి ఉబ్బి అడ్డంగా నిలబడితే బంతి నేల విడవకూడదు. తోక వాలితే పది లెక్కపెట్టేంత వ్యవధి దొరుకుతుంది, అప్పుడు పైకి లేపొచ్చు. ఎండాకాలమంతా ఇదే పని.

చలికాలం పోటీలు మొదలయ్యేసరికి జట్టులో మనుషులు తగ్గిపోయారు. మొదటి మ్యాచ్‌కి కెప్టెన్ గత్యంతరం లేక నన్ను దింపాడు. దిగగానే జనంలోంచి కూతలు. ఆ రోజు గాలి భీకరంగా ఉంది. ఆయన అలవాటు కొద్దీ బంతిని ఎత్తి ఎత్తి కొడుతుంటే, నాకు కోపమొచ్చి, కెప్టెనని కూడా చూడకుండా, పైకి చూసి కొట్టవయ్యా అని అరిచాను. ఆయన నన్ను చూశాడు, తర్వాత సంచిని చూశాడు. ఆ తర్వాత బంతి నేల మీదే నడిచింది. నేను తీసుకోవడం, తిప్పడం, ఇవ్వడం. మూడు గోల్స్ పడ్డాయి, మూడింటికీ బంతి నా కాలి నుంచే వెళ్ళింది.

ఆ తర్వాత నాలుగు మ్యాచ్‌లు ఓడలేదు. నా కాళ్ళు నేను చెప్పకముందే పని చేసేవి. అవతలివాళ్ళు నా మీద ఇద్దరిని పెట్టారు, ముగ్గురిని పెట్టారు. ఏం లాభం, గాలి మీద ఎవరిని పెడతారు? గర్వంగా చెప్పుకుంటున్నాను, ఎందుకు చెప్పుకోకూడదు, ఆ సీజన్లో ఆ రోడ్డు మీద నాకంటే బాగా మధ్యలో ఆడినవాడు లేడు. మూడో మ్యాచ్ నుంచి కెప్టెన్ బంతి ముట్టుకునే ముందు నా వైపు కనుబొమలు ఎగరేసేవాడు. మిగతావాళ్ళూ అదే పట్టారు. నేను చెయ్యి కిందికి దించితే కింద, పైకి ఎత్తితే పైన. మాట్లాడాల్సిన పనే లేకపోయింది. అయినా మెస్సులో సైరన్ పేరు పోలేదు. రూమ్మేటు అన్నాడు, ఫైనల్లో గోలు కొట్టు, నోళ్ళు వాటంతటవే మూతబడతయి అని. ఫైనల్ కిందటేడు మమ్మల్ని ఓడించిన జట్టుతోనే.

ఆ రోజు షమాల్ గాలి. ప్లాంటు మైదానానికి ఉత్తరాన, మెస్సు దక్షిణాన. ఒక్క గోలూ పడలేదు. ఇంకో పావుగంట ఆట ఉందనగా అవతలి వెనకవాడు జారిపడ్డాడు. బంతి నా కాళ్ళలోకి వచ్చింది. వాళ్ళ కీపర్ గోలు వదిలి ముందుకు వచ్చేశాడు. వాడి పక్కనుంచి తోస్తే చాలు, ఏడాదిగా మోస్తున్న పేరు అక్కడితో పోతుంది.

అప్పుడు సైరన్ మోగింది.

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. టెస్టు, టెస్టు అని ఎవరో అరిచారు. యుద్ధం తర్వాత నెలకు రెండు టెస్టులు పెట్టేవాళ్ళు, ఎవరూ పట్టించుకోవడం మానేశారు. పరుగెత్తు సైరన్, పరుగెత్తు అని చప్పట్లు. అవతలి కీపరు కూడా నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. కానీ ఆ ఏడాదంతా ఒక్క నోటీసు కూడా నేను చదివించుకోకుండా వదల్లేదు. ఆ శుక్రవారం టెస్టు లేదు. పైగా టెస్టు కూత సాగదీసినట్టు ఒకే తీరున ఉంటుంది. ఇది పైకి లేచి కిందపడి మళ్ళీ లేస్తోంది. తలెత్తి చూశాను. సంచి ఉబ్బి, తోక అడ్డంగా మా వైపే చాచి ఉంది.

ఎదురుగా గోలు ఖాళీ. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం తన్నుదామనిపించింది. తన్నిన తర్వాత పరుగెత్తొచ్చు కదా అనిపించింది. కానీ గోలు పడితే వీళ్ళు నా మీద పడి ఎగురుతారు, ఇక ఎవడూ కదలడు. వంగి బంతిని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. ఫైనల్లో, ఖాళీ గోలు ముందు, చేతులతో. నవ్వులు ఆగిపోయాయి. ఇంతటి పిచ్చిపని నేను కూడా చేయనని వాళ్ళకి తెలుసు. కొందరు అప్పటికే మెస్సు వైపు, అంటే గాలి పోయే వైపే, అడుగులు వేశారు. నేను చెయ్యి చాచి తూర్పు చూపించాను, సీజనంతా బంతికి దారి చూపించినట్టే.

కెప్టెన్ నా చెయ్యి చూశాడు, సంచి చూశాడు. "ఇస్కే పీఛే!", వీడి వెనకే పొమ్మని గర్జించాడు. ఆయన గొంతులో అంత శబ్దం ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మా జట్టు ముందు కదిలింది, వాళ్ళు కదిలేసరికి అవతలి జట్టు, ఆ వెనక జనం. బంతి చంకలో పెట్టుకుని నేను ముందు పరుగెత్తుతున్నాను. మా వాళ్ళలో ఒకడు చెప్పుల కోసం వెనక్కి పోయాడు. కుళ్ళిన గుడ్ల వాసన వాడొక్కడికే తగిలింది. కళ్ళు వాచి, వాంతులు చేసుకుని రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్లాంటులో ఒక వాల్వు దగ్గర లీకైందని, గంటలో ఆపారని సాయంత్రం చెప్పారు. మాస్కులు పెట్టుకుని వచ్చినవాళ్ళు మైదానంలోనూ మెస్సు గోడ దగ్గరా గ్యాస్ మీటరు పెట్టి చూసి, లీకైనప్పుడు ఇక్కడ మనుషులెవరైనా ఉన్నారా అని అడిగారట.

ఆ మ్యాచ్ మరుసటి శుక్రవారం మళ్ళీ ఆడించారు. గెలిచాం. గోలు నేను కొట్టలేదు, కెప్టెన్ కొట్టాడు, బంతి ఇచ్చింది నేను. వెల్డర్లు చేసిన కప్పు రూమ్మేటు మంచం కింద ఉండేది, దాంట్లో ఉల్లిగడ్డలు పోసుకునేవాళ్ళం. దాని సంగతి ఎవరైనా అడిగితే చెబుతాను, లేకపోతే లేదు.

ఎవరూ అడక్కపోయినా నేను చెప్పేది బస్సుల జాగా సంగతి. ఒగరుస్తూ వందకు పైగా మనుషులం వరసలు కట్టాం. మా జట్టు, వాళ్ళ జట్టు, ఈల ఇంకా నోట్లోనే ఉన్న రిఫరీ, నోటితో కూతలు పెట్టినవాళ్ళు. ఏడాది కిందట నేనొక్కణ్ణే నిలబడ్డ చోటే, మళ్ళీ ముందు నేనే ఉన్నాను. ఈసారి నా వెనక వరస ఎక్కడిదాకా పోయిందో తిరిగి చూస్తే గానీ తెలియదు.

కెప్టెన్ వరస చివరి నుంచి మొదలుపెట్టబోయి ఆగాడు. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. వేలెత్తి చూపించలేదు. అరచెయ్యి నా భుజం మీద పెట్టాడు.

"ఏక్" అన్నాడు.

తర్వాత నా వెనకవాడి దగ్గరికి వెళ్ళి, రెండు నుంచి లెక్క మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. లెక్క అయ్యేదాకా కదలకూడదు కాబట్టి, కళ్ళు తుడుచుకోకుండా బంతి పట్టుకుని అలాగే నిలబడ్డాను.